కోడిపెట్ట స్కోరు

"నెమలిని మూడు గంటలకి చంపేస్తారు," అన్నాడు చీఫ్. గోడ గడియారం రెండూ ఇరవై అయిదు చూపిస్తోంది.

ఏజెంట్ ముల్లు కుర్చీలోంచి లేచాడు. నెమలి డబుల్ ఏజెంట్. చేతిలో మూడు పాస్‌పోర్టులు, ఏ పార్టీలోనైనా తలలు తనవైపు తిప్పుకునే అందం. ముల్లు ఇచ్చిన మాట నమ్మి విదేశీ ముఠాని వదిలి వచ్చింది. నాలుగో అంతస్తు, ఏడో ఫ్లాట్‌లో ఆమెని దాచింది అతనే. జాడ తెలుస్తుందని ఆమె ఫోన్ లాక్కున్నదీ అతనే.

"హంతకుడు బిల్డింగ్ ముందే ఉన్నాడు. అంతస్తూ, ఫ్లాటూ ఇంకా తెలీదు. మూడింటికి బ్రౌజర్‌లో గుడ్ల ఆట తెరిచి తెలుసుకుంటాడు."

"గుడ్ల ఆటా?"

"పైనుంచి పడే గుడ్లని బుట్టతో పట్టాలి. గుడ్డుకో పాయింటు. మూడు జారితే ఆట అయిపోతుంది. టాప్ స్కోరు చివరి అంకె అంతస్తు, రెండో స్కోరు చివరి అంకె ఫ్లాటు. ముఠావాళ్ళు ఆడి అక్కడ 1824, 1807 పెట్టారు."

నాలుగు, ఏడు.

"మనవాళ్ళు?"

"బయల్దేరారు. వెళ్ళేసరికి మూడుంబావు దాటుతుంది. లోకల్ స్టేషన్‌కి చెప్పలేం, అడ్రస్ పొక్కింది అక్కడినుంచే. సర్వర్‌ని ముట్టుకుంటే ముఠాకి అలారం మోగుతుంది. నిజంగా ఆడి గెలవాలి. మూడుతో ముగిసే స్కోరు పైకెక్కితే వాడు మూడో అంతస్తు, నాలుగో ఫ్లాట్‌కి పోతాడు. అది ఖాళీ. మిగతా అన్నింట్లో పిల్లలున్నారు."

"ఎవరు ఆడతారు సార్?"

చీఫ్ తల దించుకున్నాడు. ఆఫీసులో ఆటలన్నీ బ్లాక్ చేయించి ఏడేళ్ళయింది. క్రమశిక్షణ పుణ్యమా అని డిపార్ట్‌మెంట్ మొత్తంలో గుడ్డు పట్టగల మొనగాడు లేడు.

ముల్లుకి వదిన గుర్తొచ్చింది. నిన్న భోజనాల దగ్గర ఎవడో వెధవ గుడ్ల ఆటలో తన ఫస్ట్ ప్లేస్ కొట్టేశాడని ఆవిడ ఒకటే గొడవ. పక్క వీధిలోనే పళ్ళ డాక్టర్ దగ్గర రిసెప్షనిస్టు. మరిది వాటర్ ఫిల్టర్లు అమ్ముతాడనుకుంటుంది.

అతను పరిగెత్తుకెళ్ళేసరికి ఆవిడ ఫైళ్ళు సర్దుతోంది.

"వదినా, గుడ్ల ఆట ఆడు. ఇప్పుడే!"

"మతి పోయిందా అబ్బాయ్? పేషెంట్లున్నారు."

"మూడింటిలోపు 1824 దాటాలి. 1833 దగ్గర ఆపాలి."

"ఆపడమేంటి? కావాలని ఓడిపోవాలా? నేనా?"

"ఒక ఆడమనిషి ప్రాణం వదినా. నేను మాటిచ్చాను."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. ఫైళ్ళు పక్కన పెట్టి మౌస్ అందుకుంది.

గుడ్లు పడుతూనే ఉన్నాయి. బుట్ట అటూ ఇటూ ఉరుకుతోంది. ముల్లు చొక్కా గుండీలో కెమెరా, పెన్నులో పిస్తోలు ఉన్నాయి. ఒక్కటీ పనికిరాలేదు. నిలబడి చెమటలు కక్కడమే అతని వంతయింది.

రెండూ యాభై తొమ్మిది. 1833.

"వదిలెయ్!"

ఒక గుడ్డు పగిలింది. రెండోదీ పగిలింది. మూడోది పడుతుండగా ఆవిడ చెయ్యి దానంతటదే కదిలి పట్టేసింది. 1834.

"అయ్యో! అలవాటు అబ్బాయ్!"

ఇక ఒక్కటి జారినా ఆట ముగుస్తుంది. 1843 దాకా తొమ్మిది గుడ్లు, ఒక్కటీ జారకుండా పట్టాలి. వేగం పెరిగింది. బుగ్గ వాచిన పేషెంట్ ఒకాయన నొప్పి మర్చిపోయి వచ్చి వెనక నిలబడ్డాడు.

1841. 1842. 1843.

వదిన మౌస్ వదిలేసి రెండు చేతులూ ఒళ్ళో బిగపట్టుకుంది. గుడ్డు పగిలింది. పేరు అడిగింది ఆట. ఎప్పటిలాగే 'కోడిపెట్ట' అని కొట్టింది.

మూడు గంటలకి పది సెకన్లుంది.

మూడున్నరకి చీఫ్ ఫోన్ చేశాడు. హంతకుడు ఖాళీ ఫ్లాట్ తాళం తీసి, లోపల తుపాకీ పట్టుకుని, ఇంటావిడ వస్తుందని కూర్చుని ఉండగా దొరికాడు. నెమలి క్షేమం.

ముల్లు మాత్రం తేలిగ్గా ఊపిరి పీల్చుకోలేకపోయాడు. ముఠావాళ్ళ పట్టికలో అందరికన్నా పైన ఇప్పుడు వదిన పేరుంది. ఒకామెని కాపాడబోయి తన ఇంటి మనిషినే వాళ్ళ కళ్ళలో పడేశాడు.

"వదినా, ఆ పేరుతో ఇంకెప్పుడూ ఆడకు."

"ఎందుకు మానాలి? ఫస్ట్ నేనేగా!"

మర్నాడు అతను ఆవిడ ఇంటికి వెళ్ళి వీధి తలుపుకి మూడు తాళాలు బిగించాడు. వదిన గుమ్మంలో నిలబడి చూసింది.

"ఫిల్టర్లు అమ్ముడుపోవట్లేదా అబ్బాయ్, తాళాల్లోకి దిగావ్?"