సీతారావమ్మగారి ఆర్కిడ్

కాఫీ తాగిన దగ్గర్నుంచీ బసవయ్య బాల్కనీకీ హాల్లోకీ తిరుగుతూనే ఉన్నాడు. గుమ్మం దగ్గర చప్పుడైతే చాలు, మెడ సాచి చూస్తున్నాడు. కోడలు కీర్తన మైలవరం నుంచి ఈ పూటే వస్తోంది. వాళ్ళమ్మకి కంటి ఆపరేషనైతే రెండు వారాలు అక్కడే ఉండిపోయింది. ఈలోగా తాను చేసిన పని కోడలు చూడాలి, చూసి మెచ్చుకోవాలి. డెబ్భై దాటిన మనిషికి ఇంత ఆత్రమేమిటని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు గాని, పామర్రు పక్కనున్న ఊరు వదిలి పటమటలోని ఈ ఫ్లాటుకి వచ్చాక ఆయన సొంతంగా చేసిన మొదటి పని అదే మరి.

భార్య సీతారావమ్మ పోయాక పొలం కౌలుకిచ్చి కొడుకు దగ్గరికి వచ్చాడు. కొడుకు లక్ష్మీకాంత్‌కి ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు. పొద్దున వెళితే మళ్ళీ రాత్రి అన్నాల వేళకే. ఇంట్లో ఆయన్ని ఎవరూ పల్లెత్తు మాట అనరు. కూర్చోమంటారు, టీవీ పెట్టుకోమంటారు, ఏం కావాలో అడిగి తెచ్చి చేతికిస్తారు. ఆయనకి కష్టంగా ఉన్నది అదే. ఏ పనీ చెయ్యనివ్వని ఇల్లు ఎంత మంచిదైనా చుట్టాలిల్లే.

బాల్కనీలో కీర్తన ఆర్కిడ్లు పెంచుతోంది. ఆ కుండీల్లో మట్టి ఉండదు. రేగుపండ్లంత సైజులో కాల్చిన మట్టి గోళీలు ఉంటాయి, తేలికగా, గోధుమరంగులో. కుండీ పక్కన అడుగుకి కాస్త పైన ఒక చిల్లు. ఆ చిల్లు దాకా నీళ్ళు నిలబడితే గోళీలు ఆ తడిని మెల్లగా పైకి పీల్చుకుంటాయి. సందుల్లో గాలి ఆడుతుంది. చూడముచ్చటైన ఏర్పాటు. కానీ బసవయ్యకి వాటిని చూసినప్పుడల్లా జాలేసేది. నల్లరేగడిలో పుట్టి పెరిగిన మనిషాయె. పట్నంలో పిడికెడు మట్టి దొరక్క పాపం పిల్ల గోళీల్లో నాటుకుందనుకున్నాడు.

కీర్తన వెళ్తూ వెళ్తూ మొగుడికి చెప్పింది, వారానికోసారి చిల్లులోంచి కారేదాకా నీళ్ళు పొయ్యమని. లక్ష్మీకాంత్ ఆ మాట సగమే విని, షాపుకెళ్తూ చెప్పులేసుకుంటూ "నాన్నా, ఆ మొక్కల సంగతి కాస్త నువ్వు చూడు" అన్నాడు. బసవయ్యకి అంతకంటే ఏం కావాలి! మధ్యాహ్నానికల్లా పొలం కౌలు చేస్తున్న నతానియేలుకి ఫోన్ చేశాడు. రెండో రోజుకి రెండు గోతాల చేలో మట్టి, ఒక గోతం చివికిన పశువుల ఎరువు ఆటోలో దిగాయి.

లిఫ్టు ఆగిన చప్పుడైంది. కీర్తన లోపలికి రాగానే బసవయ్య ఎదురెళ్ళాడు.

"రా అమ్మా, రా. అమ్మకెట్టా ఉంది? కళ్ళు బాగా కనపడుతున్నాయా? మంచిది. కాళ్ళు తర్వాత కడుక్కుందువుగాని, ముందు ఇటొచ్చి చూడు."

కీర్తన నవ్వుతూ ఆయన వెనకే వెళ్ళింది. బాల్కనీ తలుపు దగ్గరే ఆగిపోయింది. కుండీలన్నిటి నిండా నల్లటి మట్టి, అంచుల దాకా తడి. ఆకులు వడలి కుండీల మీదికి వాలిపోయి ఉన్నాయి.

"వాడినయ్యని కంగారు పడమాకు" అన్నాడు బసవయ్య. "నాటు వేసిన కొత్తలో వరి కూడా ఇట్టాగే వడిలిపోద్ది. ఇంకో నాలుగు రోజుల్లో కుదురుకుని ఎట్టా లేస్తయ్యో చూడు."

"మావయ్యగారూ... గోళీలేవండీ?"

"పారేశాననుకున్నావా? కడిగి మేడమీద ఆరబోశా. ఇది మన చేలో మట్టమ్మా, బంగారం! ఆ కుండీలు నీకెవరో చిల్లులవి అంటగట్టారు. అబ్బాయి షాపులో నల్లటేపు తెప్పిచ్చి చుట్టేశా. ఇప్పుడు చుక్క కారదు."

కీర్తన వింటున్నట్టు లేదు. గబగబా మూలనున్న కుండీ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఆ మొక్కకి ఒక పూలకాడ వచ్చింది. కాడ చివర శనగగింజలంత మొగ్గలు. మొక్క మొదలు పట్టుకుని మట్టిలోంచి మెల్లగా లాగింది. కుళ్ళు వాసన గుప్పుమంది. వేళ్ళు గోధుమరంగుకి తిరిగి, ముట్టుకుంటే తోలు ఊడి చేతికొచ్చేస్తున్నాయి.

"ఏం చేశారండీ మీరు? ఇవి గాలి పీల్చుకునే వేళ్ళండీ! అడవిలో చెట్ల కొమ్మలు పట్టుకుని వేలాడే మొక్కలివి. మట్టిలో పాతిపెడితే ఊపిరాడక కుళ్ళిపోతాయి. పైగా చిల్లులు కూడా మూసేశారా! నన్నొక్క మాట అడగొచ్చుగా?"

"అడిగేదేముందమ్మా? మొక్కంటే మట్టేగా. పుట్టి బుద్ధెరిగిన కాడ్నుంచీ యవసాయం చేసినోణ్ణి, ఆ మాత్రం నాకు..."

"ఇది మీ పొలం కాదు మావయ్యగారూ!"

ఆదివారం కావడంతో లక్ష్మీకాంత్ ఇంట్లోనే ఉన్నాడు. గడ్డానికి సబ్బు నురగతోనే పరిగెత్తుకొచ్చాడు. సంగతి అర్థం కాగానే తండ్రి మీద విరుచుకుపడ్డాడు.

"నీళ్ళు పొయ్యమంటే మట్టి పొయ్యడమేంటి నాన్నా? ఊరికే కూర్చోలేవా నువ్వు?"

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. బసవయ్య ముఖం చిన్నబోయింది. కీర్తన కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, చేతిలోని మొక్క చూస్తూ అనకూడని మాట కూడా అనేసింది.

"అత్తయ్యగారు ఏడాదిపాటు ఈ బాల్కనీలోనే కూర్చున్నారండీ. ఒక్కపూట వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నారా మీరు? ఆవిడ ఇక్కడేం చేసేవారో చూశారా? ఇది ఆవిడ మొక్కండీ!"

బసవయ్య లోపలికి వెళ్ళి బీరువాలోంచి పంచెలు తీసి సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"కాంతూ, నన్ను పామర్రు బస్సెక్కించు" అన్నాడు గదిలోంచే. "నేనిక్కడ ఉండనులే."

లక్ష్మీకాంత్ తువ్వాలుతో నురగ తుడుచుకుంటూ పెళ్ళాం దగ్గరికి వచ్చాడు. "పెద్దాయన్ని అంత మాట అనాలా కీర్తనా? ఊళ్ళో ఆయనకి వండిపెట్టే దిక్కెవరు? మొక్క పోతే ఇంకోటి కొనుక్కోవచ్చుగా!"

"ఇది కొన్నది కాదండీ" అంది కీర్తన. "కొంటే దొరికేదీ కాదు."

మొక్కని ఒళ్ళో పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. ఆ మొక్క ఒక పెళ్ళిలో స్టేజీ అలంకరణకి తెచ్చింది. పెళ్ళయ్యాక ఫంక్షన్ హాలు వెనక చెత్తలో పడేశారు. వైద్యానికని వీళ్ళింట్లో ఉంటున్న సీతారావమ్మ కారెక్కబోతూ దాన్ని చూసింది. 'దీనికింకా ప్రాణముందే' అని చీర కొంగులో చుట్టి తెచ్చుకుంది. అప్పటికి దానికి ఉన్నవి రెండు వేళ్ళు, ఒక ఆకు. అత్తాకోడళ్ళిద్దరూ ఫోనులో వీడియోలు చూసి ఈ గోళీల పద్ధతి నేర్చుకున్నారు. గోళీలు చూసి ఆవిడ కూడా మొదట పగలబడి నవ్వింది. తర్వాత కొత్త గోళీలొస్తే కడిగే పని ఇంకెవర్నీ చెయ్యనిచ్చేది కాదు.

"మందులకి ఆవిడ చేతులు నల్లబడి మండిపోయేవి, గుర్తుందిగా? ఆ మంట మీద కూడా గోళీలు నీళ్ళలో తిప్పుతూ కూర్చునేవారు. 'ఇట్టా తిప్పుతుంటే హాయిగా ఉందే' అనేవారు. లేవలేని రోజున కూడా కుర్చీ ఇక్కడికే వేయించుకునేవారు. పక్కన కొత్త వేరు వస్తే నన్ను వంటింట్లోంచి కేకేసి పిలిచి చూపించేవారు. ఆ ఓపిక నాకు లేదండీ. ఆవిణ్ణి చూసే నేను మిగతావన్నీ పెంచడం మొదలెట్టాను."

"నాన్నకి ఎందుకు చెప్పలేదు మరి?"

"ఆవిడే వద్దన్నారు. 'మట్టి లేకుండా చెట్టు పెంచానంటే మీ మావయ్య నమ్మరు. పువ్వు పూశాక తీసుకొచ్చి చూపిస్తా, అప్పుడు ఆయన మొహం చూడాలి' అనేవారు. పువ్వు రాకముందే ఆవిడ వెళ్ళిపోయారు. ఈ చలికాలంలో మొదటిసారి కాడ వేసింది. వచ్చే నెల సంవత్సరీకం నాటికి పూస్తుందని, అప్పుడు ఆయనకి చూపిద్దామని నేనూ నోరు మూసుకుని ఉన్నాను. నాదీ తప్పేలెండి."

గది కిటికీ బాల్కనీలోకే ఉంది. మడత పెడుతున్న పంచె చేతిలో ఉండగానే బసవయ్య మంచం మీద కూలబడిపోయాడు. ఆదివారం ఆదివారం ఆయన భార్యని చూడ్డానికి వచ్చేవాడు. హాల్లో కూర్చుని కాలవకి నీళ్ళొదిలిన సంగతి, రెండో పంట దాళ్వాకి విత్తనం నానబెట్టి కట్టిన సంగతి చెప్పి, చీకటి పడకుండా వెళ్ళిపోయేవాడు. ఆవిడ ఊరి మీద, చేల మీద బెంగపెట్టుకుని కృశించిపోతోందని, పట్నం ఫ్లాటులో బందీ అయిపోయిందని ఇన్నాళ్ళూ తనలో తాను కుమిలిపోయాడు. ఆవిడ ఇక్కడ నవ్వింది. గోళీలు కడుక్కుంది. తన మొహం చూడాలని ఒక పువ్వు కోసం కాచుకుని కూర్చుంది.

కాసేపటికి ఆయన బాల్కనీలోకి వచ్చాడు. గోడ పట్టుకుని మెల్లగా కోడలి ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

"చేతుల మంట తగ్గేదా అమ్మా? ఆవిడకి?"

కీర్తన తలెత్తి చూసింది. ఆయన గొంతులో కోపం లేదు.

"తగ్గేదండీ" అంది. "నిజంగా తగ్గేది."

ఆయన తల ఊపాడు. "అయితే చెప్పు. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు, చేస్తా. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఉందనుకో. అయినా చెప్పు."

లక్ష్మీకాంత్ మేడమీంచి గోళీల గంప దింపుకొచ్చాడు. అవి కళ్ళకద్దుకునేంత శుభ్రంగా ఉన్నాయి. వాటిని టబ్బులో నీళ్ళు పోసి నానేశారు. మామాకోడళ్ళు ఒక్కొక్క మొక్కా మట్టిలోంచి తీసి, పంపు కింద పెట్టి వేళ్ళు కడిగారు. మెత్తబడిన వేరుని కీర్తన కత్తెరతో కత్తిరించి పారేస్తోంది. గట్టిగా ఉన్న వేరుని ఉంచుతోంది. చాలా కుండీల్లో నష్టం అనుకున్నంత లేదు. పెళుసుగా ఉండే ఆ వేళ్ళని నర్సరీవాళ్ళు కూడా మార్చేటప్పుడు విరగ్గొడతారు. బసవయ్య అన్ని మొక్కలూ మార్చినా ఒక్క వేరు విరగలేదు. కీర్తన అది గమనించి ఆశ్చర్యపోయింది.

"ఎలా తీశారండీ ఇవి, ఒక్కటీ విరక్కుండా?"

"నారు పీకినట్టే తీశానమ్మా. చెయ్యి బరువు మొక్క మీద పడకూడదు." కడుగుతున్న వేరు చూస్తూ ఆయనే అన్నాడు, "నీళ్ళు నిలిస్తే పసుపుదుంప కుళ్ళుద్దని తెలుసు నాకు. వరిచేనైనా మధ్యలో నీళ్ళు తీసి ఆరగట్టకపోతే వేరుకి ఊపిరాడదు. అన్నీ తెలిసీ నీ కుండీకి చిల్లు మూశా చూడు. నీ గోళీలే రైటమ్మాయ్. సందుసందునా గాలి పెట్టావు. ఏం తెలివే!"

ఆ మెచ్చుకోలుకి కీర్తనకి మళ్ళీ కళ్ళు చెమర్చాయి. ఇక మిగిలింది మూలనున్న మొక్క. కుళ్ళిందంతా తీసేస్తే దానికి మూడో నాలుగో వేళ్ళు మిగిలాయి. పైన మాత్రం పూలకాడ నిటారుగా, నిండు మొగ్గలతో ఉంది. కీర్తన కత్తెర తీసి కాడ దగ్గర పెట్టింది. మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"ఏంటి?" అన్నాడు లక్ష్మీకాంత్.

"ఇంత తక్కువ వేళ్ళతో ఇది పువ్వునీ మొక్కనీ రెంటినీ మొయ్యలేదండీ. కాడ తీసెయ్యాలి. తీస్తేనే బతుకుతుంది." కత్తెర ఒళ్ళో పెట్టుకుంది. "నా వల్ల కాదు. అత్తయ్యగారు చూపిస్తానన్న పువ్వు ఇదే."

బసవయ్య చెయ్యి చాపాడు.

"ఇటివ్వమ్మా."

"మావయ్యగారూ..."

"నిమ్మ అంటు నాటినప్పుడు మొదటేడు పూత దూసేస్తాం. చెట్టు నిలబడాలంటే తప్పదు. చెట్టుంటే పువ్వెక్కడికి పోద్ది? ఇటివ్వు. ఇది నేను చెయ్యాల్సిన పనే."

కత్తెర అందుకున్నాడు. మొగ్గల్ని ఒకసారి వేలితో తడిమాడు. కాడని మొదట్లో పట్టుకుని, అడ్డంగా, శుభ్రంగా ఒక్క కోత కోశాడు. ఆ కాడని రెండు చేతుల్లో పట్టుకుని పెద్దాయన చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. భార్య పోయిన రోజున కూడా ఆయన అలా ఏడవడం లక్ష్మీకాంత్ చూడలేదు. గబుక్కున వచ్చి తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు.

"నన్ను క్షమించండి మావయ్యగారూ. ఆ మాట అనుండకూడదు నేను."

"ఉన్న మాటే అన్నావమ్మా. ఒక్కపూట కూర్చోలేదు నేను."

కీర్తన నానిన గోళీలు దోసిలితో తీసి కుండీ అడుగున పరిచింది. మొక్కని ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని మధ్యలో నిలబెట్టి పట్టుకుంటే, వేళ్ళ చుట్టూ ఒక్కొక్క గోళీ పేర్చుకుంటూ వచ్చింది. మొక్క ఊగకుండా నిలబడింది. కుండీకి చుట్టిన నల్లటేపు ఊడదీసి, చిల్లులోంచి కారేదాకా నీళ్ళు పోశారు.

లక్ష్మీకాంత్ గదిలోకి తొంగిచూసి, మంచం మీద సగం సర్దిన సంచి చూశాడు. అడగాలో వద్దో తెలియక కాస్త తటపటాయించి అడిగాడు.

"నాన్నా, మరి... బస్సు సంగతి?"

బసవయ్య కొడుకు మాట విననట్టే కోడలి వైపు తిరిగాడు.

"మళ్ళీ కాడ ఎప్పుడేస్తది అమ్మా ఇది?"

"బతికి బట్టకడితే వచ్చే చలికాలానికండీ. ఒక్కోసారి ఆ పై ఏడు కూడా పట్టొచ్చు. చెప్పలేం."

"పట్టనీ" అన్నాడాయన, కండువాతో కళ్ళు తుడుచుకుని. "ఈసారి నేను ఇక్కడే కూర్చుని చూస్తా."