కడబూర మోగిన సాయంత్రం

అమెరికాలో మేముండే బెంటన్‌విల్ దాటి పడమటికి పది మైళ్ళు వెళ్తే, కంకర రోడ్డు పక్కన ఒక పాత చెక్క చర్చి ఉంది. చీకటి పడ్డాక అక్కడ కారు ఆపకూడదంటారు.

ఎప్పుడో ఆ చర్చి పాస్టరు లెక్కలు కట్టి, ప్రభువు ఫలానా శుక్రవారం సాయంత్రం వస్తాడని తేదీ ప్రకటించాడట. నలభై మంది తెల్లబట్టలు కట్టుకుని ఆవరణలో నిలబడ్డారట... ఆకాశంలోకి చూస్తూ. శుక్రవారం వెళ్ళిపోయింది. శనివారమూ వెళ్ళిపోయింది. ఆదివారానికి పాస్టరు కూడా వెళ్ళిపోయాడు.

తర్వాత చర్చికి తాళం పడింది. కానీ ఆ నలభై మందీ ఇంకా అక్కడే నిలబడి ఉంటారనీ, పొద్దుగూకాక బూర ఊదిన చప్పుడు వినిపిస్తుందనీ మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఏడాదికి నాలుగుసార్లయినా వస్తుంది. అద్దె ఇళ్ళకీ, వాడిన సోఫాలకీ మధ్యలో.

ఆ చోట ఆశీర్వాదం గారికి ఏం జరిగిందో ఆయన భార్య జ్ఞానప్రసూన నాకు చెప్పింది. చివర జరిగింది మాత్రం నేను కళ్ళారా చూశాను.

ఆశీర్వాదం గారిది తెనాలి దగ్గర. మా వారు చక్రపాణీ ఆయనా ఒకే కన్సల్టింగ్ కంపెనీలో, ఒకే ప్రాజెక్టులో పనిచేసేవారు. వారంలో ఐదు రోజులు సాఫ్ట్‌వేర్, శనివారం ప్రార్థన కూడిక. ప్రభువు రాకడ రోజున కడబూర, అంటే చివరి బూర, మోగగానే పరిశుద్ధులు రెప్పపాటులో ఆకాశంలోకి ఎత్తబడతారనీ, మిగతావాళ్ళు కింద ఉండిపోతారనీ ఆ కూడికలో అందరూ నమ్ముతారు. ఉండిపోయేవాళ్ళు ఎవరెవరో పేర్లతో సహా చెప్పడం మాత్రం ఆయన సొంతం.

జుట్టుకి రంగు వేసుకునే ఫలానా ఆవిడ ఉండిపోతుంది. కానుకల సంచి దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకుని ప్రార్థనలోకి జారుకునే ఫలానా ఆయన ఉండిపోతాడు. ఇక మా ఇంటి సంగతి అడగక్కర్లేదు. హిందువులం. అప్లికేషన్ తెరవకుండానే రిజెక్ట్.

నవంబర్‌లో మా వారి ఉద్యోగం పోయింది. ఎవరో తప్పు ఫైలు ఎక్కించడంతో క్లయింటు ధరల పట్టిక మొత్తం తారుమారైంది. అది మా వారి పనేనని మేనేజర్ తేల్చేశాడు. "నేను కాదు" అని ఎంత చెప్పినా వినలేదు. H-1B వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే అరవై రోజులే గడువు. ఈలోపు ఇంకోటి దొరక్కపోతే పెట్టే బేడా సర్దుకోవడమే.

దిక్కుతోచక సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. ప్రసూనని పిలిచాను. వచ్చింది. నా పక్కన కూర్చుని, నేను ఏడుస్తుంటే వీపు నిమిరి, ప్రసాదం తిని వెళ్ళింది.

ఇంటికెళ్ళాక ఆశీర్వాదం గారు ఒకే మాట అన్నారట. "నువ్వు విడవబడతావు ప్రసూనా."

ఆ తర్వాత పదకొండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. పాపం, ఎత్తబడబోయే మనిషి కదా, ఇక్కడే ఉండిపోయేవాళ్ళతో అనుబంధాలు పెంచుకోకూడదు.

పన్నెండో రోజు శనివారం. ఆ వారం కూడిక ఎవరో కొత్తవాళ్ళింట్లో, ఆ కంకర రోడ్డుకి అవతల. డిసెంబర్ కాబట్టి ఐదున్నరకే చీకటి. సరిగ్గా ఆ చర్చి ముందుకి వచ్చేసరికి, టైరులో గాలి పోతోందని డాష్‌బోర్డు మీద లైటు వెలిగింది.

ఆయన కారు ఆపి దిగారు. వెనక టైరు నేలకి అతుక్కుపోయి ఉంది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఫోన్ లైటు వేసుకుని, గొంతుక్కూర్చుని, టైరు చుట్టూ తడుముతున్నారు. గాలి లేదు... పురుగు చప్పుడు లేదు...

అప్పుడు మోగింది.

బూర. ఒకే ఒక్క స్వరం... సాగి, సాగి, ఆగింది. మళ్ళీ మోగింది.

ఆశీర్వాదం గారు తల తిప్పి చర్చి వైపు చూశారు. ఆవరణలో తెల్లగా... మనుషులంత ఎత్తున... వరసలు కట్టి నిలబడి ఉన్నారు. కదలడం లేదు.

"ప్రసూనా..." పదకొండు రోజుల తర్వాత మొదటి మాట. గుసగుసలాగా వచ్చిందట.



కారు అవతలి పక్కకి పరిగెత్తి లైటు వేసి చూశారు. సీటు ఖాళీ. సీటు మీద ఆమె శాలువా. కింద ఆమె చెప్పులు, జత విడిపోకుండా పక్కపక్కనే.

ఇరవై ఏళ్ళుగా ఆయన వర్ణించి వర్ణించి చెప్పిన దృశ్యమే. మనిషి పోతుంది, బట్టలు మిగులుతాయి. ఒకరు ఎత్తబడతారు, ఒకరు ఉండిపోతారు. ఉండిపోయేది ఎవరన్న దగ్గర మాత్రం చిన్న తేడా వచ్చింది.

ఆయన కంకర మీద మోకాళ్ళూనారు.

"ప్రభువా... పొరపాటు జరిగింది. ఆవిడ కాదు, నేను" అన్నారు మొదట. ఆ మాట మాత్రం ప్రసూన నాకు చెప్పేటప్పుడు నవ్వలేక నవ్వింది.

మూడోసారి బూర మోగింది. అప్పుడు మనిషి పూర్తిగా విరిగిపోయాడు. వెక్కుతూ, గట్టిగా, చీకట్లోకి చెప్పుకోవడం మొదలుపెట్టారు. కూడికలో చెప్పే సాక్ష్యంలా కాదు, ముక్కలు ముక్కలుగా.

"ఆ ఫైలు ఎక్కించింది నేనే... చక్రపాణి కాదు... మేనేజర్ అడిగితే ఆయన పేరు చెప్పాను... నా గ్రీన్ కార్డు ఆగిపోతుందని భయమేసింది ప్రభువా... ఆవిడ వాళ్ళింటికి వెళ్తే నేను భరించలేకపోయాను... ఆ ముఖాలు చూసి వచ్చి నా ఎదురుగా కూర్చుంటుందని..."

వెనకాల కంకర చప్పుడైంది.

వెనక్కి తిరిగితే ప్రసూన. ఆయన పెద్ద కోటు తొడుక్కుని, వెనక సీటు కింద ఉండే బురద బూట్లు వేసుకుని, చేతిలో గాలి పంపుతో నిలబడి ఉంది. పక్కనే ఒక ముసలాయన. భాష తెలియకపోయినా ఎవరో ప్రార్థించుకుంటున్నారని గ్రహించి, మర్యాదగా టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

జరిగింది ఇంతే. చర్చి వెనక లైటు కనిపిస్తే, ఆయన టైరు తడుముతుండగానే ఆమె సాయం కోసం వెళ్ళింది. వెళ్తున్నానని ఆయనకి చెప్పలేదు. పదకొండు రోజులుగా మాట్లాడని మనిషికి ఏమని చెప్తుంది? చర్చి స్థలం ఆ ముసలాయనదే. ఆవరణలో అంజూరపు మొక్కలు వేసి, మంచుకి చచ్చిపోకుండా తెల్లగుడ్డలు చుట్టాడు. రోజూ చీకటి పడ్డాక ఆవులని దాణాకి పిలవడానికి, చిన్నప్పుడు స్కూలు బ్యాండులో వాయించిన బూర ఊదుతాడు. కడబూరకి లేచి వచ్చినవి పదహారు ఆవులు.

ముసలాయన గాలి కొట్టి వెళ్ళిపోయాడు. ఆశీర్వాదం గారు కారు తలుపు పట్టుకుని నిలబడ్డారు.

"ఎంత విన్నావు?"

"అంతా."

"దేవుడి దగ్గర ఒప్పుకున్నాను కదా... ఆయన క్షమిస్తాడు."

ప్రసూన డ్రైవర్ సీట్లో కూర్చుంది. "ఆయన ఎప్పుడొస్తాడో నాకు తెలీదు. చక్రపాణి గారిల్లు ఇరవై నిమిషాలే. ఎక్కండి."

ఇక్కణ్ణుంచి నేను చూసింది.

ఆరున్నరకి తలుపు తీస్తే ఇద్దరూ గుమ్మంలో ఉన్నారు. ఆయన ప్యాంటు మోకాళ్ళ దగ్గర తెల్లటి దుమ్ము. లోపలికి వచ్చి, కూర్చోకుండానే అంతా చెప్పారు. నాకు చెయ్యెత్తి కొట్టాలనిపించింది. నిజం చెప్తున్నాను.

"నన్ను క్షమించండి చక్రపాణి గారూ."

"క్షమాపణ సంగతి తర్వాత చూద్దాం" అన్నారు మా వారు, లాప్‌టాప్ ఆయన ముందుకి తోసి. "ముప్పై ఎనిమిది రోజులున్నాయి నాకు. మేనేజర్‌కి మెయిల్ రాయండి."

మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని రాశారు. నేను ఆయన భుజం వెనక నిలబడి చదివాను. జీవితంలో అంత శ్రద్ధగా ఏదీ చదవలేదు.

"'మిస్‌కమ్యూనికేషన్' అని రాశారు. తీసెయ్యండి."

తీశారు. "మరేం రాయమంటారు?"

"అబద్ధం చెప్పానని రాయండి. ఇంగ్లిష్‌లో రెండు మాటలే."

ఆయన ప్రసూన వైపు చూశారు. ప్రసూన మా వంటింటి గుమ్మానికి ఆనుకుని చూస్తూ ఉంది, ఒక్క మాట కూడా సాయం చేయకుండా. చివరికి రాశారు. పంపారు.

సోమవారం మధ్యాహ్నానికి మా వారి ఉద్యోగం మా వారికొచ్చింది. మంగళవారం ఆశీర్వాదం గారిది పోయింది. శనివారం కూడికలు ఆగలేదు కానీ, ఇప్పుడు ఆశీర్వాదం గారు ప్రభువు రాకడ గురించి చెప్పట్లేదట. ఎవరైనా అడిగితే, "సమయం ఆయనకే తెలుసు" అని ఊరుకుంటున్నారట. ప్రసూన ఆయనతో మాట్లాడుతోంది, అవసరమైనంత వరకు.

మా వారేమో ఆయన రెజ్యూమె పట్టుకుని తెలిసినవాళ్ళందరికీ పంపుతున్నారు. పిచ్చి మనిషి. నేను వద్దనలేదు. కాకపోతే, పంపే ముందు ప్రతి లైనూ నేనొకసారి చదువుతున్నాను.