ఆ ఆదివారం కట్టేయని మైకు

ఆరోగ్యం పౌడరు అమ్మేవాళ్ళ ఆదివారం మీటింగు హాల్లో ఆమె నోరు తెరవగానే మైకు కీచుమంది. జనం నవ్వారు. ఆమె మాత్రం స్పీకర్ల వెనక కూర్చున్న మైకతణ్ణి మాడ్చేసేలా చూసింది. ప్రేమలు ఇలాగే మొదలవుతాయట. నాకేం తెలుసు, చెప్పేవాళ్ళు చెబుతుంటారు.

స్టేజీ దిగి నేరుగా వచ్చి, కావాలనే చేశారా అని నిలదీసింది.

"దీని గొంతుకీ మీ పౌడరు ఓ చెంచా పట్టిస్తే పోలా?" అన్నాడతను తాపీగా.

"పట్టించేదాన్నే. దానికి నమ్మకం ఉండాలిగా."

నవ్వు దాచుకుంటూ వెళ్ళిపోయింది. మరుసటి వారం నుంచి ఆమె వంతు వచ్చే ముందు అతను మైకుని తన చేతిరుమాలుతో తుడవడం మొదలుపెట్టాడు. మిగతావాళ్ళకి ఆ మర్యాద లేదు.

పౌడరు సంగతి చెప్పాలి. 'ఇది ఆహారం, మందు కాదు' అని డబ్బా మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. హాల్లో మాత్రం అది షుగరు, బట్టతల, అత్తాకోడళ్ళ పోరు అన్నీ తగ్గిస్తుంది. ఒకావిడైతే ప్రతి ఆదివారం అదే మోకాలు కొత్తగా నయం చేయించుకునేది. ఎవరైనా నోరుజారి తగ్గలేదంటే, టై కట్టుకున్న లీడరు తల గోక్కునేవాడు. అది సైగ. వెంటనే మైకు కట్టేసి పాట పెట్టాలి. పాట రాగానే చప్పట్లు. చదువుకున్నవాళ్ళే కాస్త గట్టిగా కొట్టేవాళ్ళు.

వానకి హాలు వరండాలో ఇద్దరూ చిక్కుకున్న సాయంత్రం ఆమె తన నాన్న గురించి చెప్పింది. కూతురు అమ్మేదే కదా అని ఆయన షుగరు మాత్రలు మానేసి పౌడరే తాగుతున్నాడు. కాలి వేలి మీద పుండు మానడం లేదు. వచ్చే ఆదివారం స్టేజీ ఎక్కి, మా నాన్న మాత్రలు మానేశాడని చెబితే ఆమెని కూడా లీడర్ని చేస్తారట.

"అది నిజమే కదా," అంది నేల చూస్తూ.

"నిజమే. పుండు కూడా నిజమేగా."

వాన తగ్గకుండానే తడుస్తూ వెళ్ళిపోయింది. తన నోటికి తనే తాళం వేసుకోవాల్సింది అనుకున్నాడతను.

ఆదివారం ఆమె స్టేజీ ఎక్కింది. అతనివైపు చూడలేదు.

"మా నాన్న మాత్రలు మానేశాడు," అంది. చప్పట్లు. అవి ఆగేదాకా ఆగింది. "అందుకే నిన్న ఆస్పత్రిలో చేర్పించాను. కాలి వేలు దక్కుతుందో లేదో చూడాలన్నారు. ఇది మందు కాదు. నా మాట విని మాత్రలు మానేసినవాళ్ళుంటే, ఇవాళే మళ్ళీ వేసుకోండి."

లీడరు తల గోక్కున్నాడు. ఆనక రెండు చేతులతో గోక్కున్నాడు. చుండ్రుకీ వాళ్ళ దగ్గర డబ్బా ఉంది మరి. మైకతను వాల్యూం పెంచాడు. ముందు వరుసలో మోకాలావిడ సంచీలో చెయ్యి పెట్టి, నొప్పి మాత్రల పట్టీ మెల్లగా ఇంకా లోపలికి తోసుకుంది.

ఆ హాలు పని అతనికి పోయింది. లీడరు పదవి ఆమెకి రాలేదు. ఆస్పత్రిలో నాన్న వేలు మాత్రం దక్కింది. పెళ్ళి మాట చెప్పడానికి ఇద్దరూ కలిసి ఆయన దగ్గరికి వెళ్ళారు.

"మైకబ్బాయివి నువ్వేనా? రేపు పెళ్ళయ్యాక దీని గొంతు కట్టేస్తావా?" అన్నాడాయన మంచం మీంచి.

"నాకు పెంచడమే వచ్చు మామయ్యా."

ఆమె కిటికీవైపు తిరిగి నవ్వింది. ఆయన కూతురు చేతిలోని మాత్ర తీసుకుని మింగి, అయితే సరే అన్నాడు.

ఆ పౌడరు వల్ల ఎవరికైనా మేలు జరిగిందంటే ఈ ఇద్దరికే. డబ్బా మీద ఆ సంగతొక్కటే రాయలేదు.