గొడుగాయన కుర్చీ ఎవరు జరిపారు?

మూడో ఫ్లోర్‌కి చెడ్డపేరు వచ్చి అప్పటికి మూడు రోజులే. ఫ్లోరంటే మేడ కాదు, షూటింగ్ చేసే పెద్ద షెడ్డు. నాలుగో రోజు పొద్దుటికల్లా అందులోకి ఒంటరిగా అడుగుపెట్టే మగాడు ఆ స్టూడియోలో లేకుండా పోయాడు. మంచినీళ్ల సీసా మర్చిపోయినా ఇద్దరు కలిసి వెళ్లి తెచ్చుకునేవారు.

ఇదంతా మా పిన్ని చెప్పగా విన్నాను. పిన్ని అబద్ధం చెప్పదు గానీ, నిజానికి కాస్త ఉప్పూకారం అద్దుతుంది. ఎక్కడెక్కడ అద్దిందో నాకు తెలుసు కాబట్టి దులిపేసి చెబుతున్నాను.

ఆ ఫ్లోర్‌లో వేసిన సెట్టు గొడుగాయన గది. పాత డిటెక్టివ్ నవలల్లో ఎండయినా వానయినా చేతిలో గొడుగుతో తిరుగుతాడే, ఆయన. అసలు పేరేదో ఉంది, పాఠకులే మర్చిపోయారు. మొత్తం నలభై పుస్తకాలు. ఎప్పుడో ఒకసారి టీవీలో వచ్చాడు. ఇప్పుడు కొత్త హీరోతో మళ్లీ తీస్తున్నారు.

ఆ గదిలో ఎప్పుడూ రాత్రే. గొడుగాయన కథలన్నీ రాత్రిపూటే నడుస్తాయి కాబట్టి కిటికీల వెనక నల్లగుడ్డ కట్టి, దాని మీద చుక్కలూ దూరాన దీపాలూ వేశారు. బయట మిట్టమధ్యాహ్నం ఎండ మాడ్చేస్తున్నా, లోపల లైట్లు ఆర్పితే... మన చెయ్యి మనకి కనపడదు.

పిన్నిది కంటిన్యుటీ పని. ఒక షాటుకీ ఇంకో షాటుకీ మధ్య ఏదీ మారకుండా చూసుకోవాలి. కప్పులో టీ ఎంత మిగిలింది, దీపం ఎటు తిరిగి ఉంది — అన్నీ ఫోటో తీసి, కాగితం మీద రాసుకోవాలి. పదకొండేళ్లు వాళ్లకీ వీళ్లకీ సాయం చేశాక సొంతంగా దొరికిన మొదటి పని ఇది. తెర మీద పేరు పడుతుంది. ఆ పేరు చూడాలని ఇంటిల్లిపాదీ కాచుకుని ఉన్నాం.

మొదటి రోజు భోజనాలయి వచ్చేసరికి గోడ వైపు ఉండాల్సిన గొడుగాయన కుర్చీ తలుపు వైపు తిరిగి ఉంది. ఎవరో తగిలారనుకుని పిన్ని సరిచేసింది. రెండో రోజు మళ్లీ కుర్చీ... దాంతోపాటు గడియారం పది నిమిషాలు ముందుకి. మూడో రోజు మూలనున్న గొడుగు బల్ల మీదికి వచ్చి పడుకుంది. ఆ కంగారులో పిన్ని గడియారం సంగతి చూసుకోలేదు. సాయంత్రం దాకా తీసిందంతా పనికిరాకుండా పోయింది.

డైరెక్టరు ఆమెను వరండాలోకి పిలిచాడు. కేకలేసినా బాగుండేది, మెల్లగా చెప్పాడు.

"ఇంకొక్కసారి జరిగితే ఇంటికి వెళ్లిపోమ్మా."

పోనీ ఎవరి మీదైనా అనుమానపడదామంటే, లంచ్ అనగానే అందరూ బయటికి వచ్చేస్తారు. లైట్‌మన్ తాళం వేస్తాడు. తాళంచెవి ఒక్కటే, అది అతని జేబులోనే ఉంటుంది.

"అది ఆయనేనండీ," అని లైట్‌మన్ పిన్ని చెవిలో గొణిగాడు.

"ఎవరు?"

"గొడుగాయన."

"పుస్తకంలో మనిషికి దెయ్యమేంటయ్యా?"

"రాసినాయన పోయాడు. గొడుగాయన పోయినట్టు ఎక్కడైనా రాశాడా? లేదు కదా. మరి ఎటు పోతాడు పాపం?"

పిన్ని నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

నాలుగో రోజు తెగించింది. లంచ్ అనగానే తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ లెక్కపెట్టి బయటికి పంపింది. జాబితాలో నలభై ముగ్గురు, నలభై మూడు టిక్కులు. తను మాత్రం వెనక్కి వచ్చి పుస్తకాల బీరువా పక్కన నక్కింది. లైట్‌మన్ వద్దు వద్దంటూనే తాళం వేశాడు.

లైట్లు ఆరిపోయాయి...

మొదట ఏమీ లేదు. తలుపు కింద సందులో సన్నటి వెలుగు గీత, అంతే. ఇంతలో — నేల దగ్గర్నుంచి — ఒక నిట్టూర్పు.

తర్వాత బట్టలు రాసుకున్న చప్పుడు. తర్వాత కటుక్కు... కటుక్కు... ఎవరివో మోకాళ్లు.

"దెయ్యానికి మోకాళ్ల నొప్పులేంటని నాకప్పుడు తట్టలేదే," అంది పిన్ని నాతో.

కుర్చీ కాళ్లు నేల మీద కిర్రుమన్నాయి. గడియారం ముల్లు తిప్పిన చప్పుడు. చీకట్లో ఎవరో హాయిగా కూనిరాగం తీస్తున్నారు. పిన్ని ఫోన్ లైటు నొక్కింది.

ఎదురుగా ఒక వీపు. ఆ వీపులో పిడి దాకా దిగిన కత్తి. చుట్టూ నెత్తురు. ఆ ఆకారం మెల్లగా... ఇటు తిరిగింది.

పిన్నికి పైప్రాణాలు పైనే పోయాయి. అరవడానికి నోరు తెరిచింది.

"అరవకమ్మా," అంది ఆ ఆకారం, గుసగుసగా. "నేనే. శవాన్ని."

"శ... శవమా?"

"ఈ ఎపిసోడ్‌లో శవం వేషం నాదే కదమ్మా."

పిన్ని వెలుగు కాగితం మీదికి తిప్పింది. మనుషుల జాబితాలో ఆయన లేడు. రెండో పేజీలో, సామాన్ల జాబితాలో, తన చేతిరాతతోనే ఉంది: కుర్చీ, గడియారం, గొడుగు, దీపం, శవం — బోర్లా. కత్తి అతికించడానికి రెండు గంటలు పడుతుంది, కదిలితే ఊడుతుందని భయం. అందుకని పొద్దున్నే ఆయనకి కడుపునిండా పెట్టి పడుకోబెడతారు, లంచ్‌కి లేపరు. నాలుగు రోజులుగా ఆయన్ని బల్లతో సమానంగానే చూస్తున్నారు.

"మరి కుర్చీ ఎందుకు జరుపుతున్నారండీ?" పిన్నికి ఏడుపొక్కటే తక్కువ.

"జరపకపోతే ఎలా? గొడుగాయనకి ఎడమ చెవి వినపడదు. వచ్చేవాళ్ల అలికిడి తెలియాలని తలుపు వైపే తిరిగి కూర్చుంటాడు. గొడుగు చేతికందేలా బల్ల మీదే పెట్టుకుంటాడు. వచ్చినవాళ్లు తొందరగా లేచిపోవాలని గడియారం ముందుకి పెడతాడు. నలభై పుస్తకాల్లోనూ అంతే. నేను రోజూ సరిచేస్తున్నాను, ఎవరో రోజూ చెడగొడుతున్నారు."

"ఎవరో కాదు, నేనే. మీకెలా తెలుసు ఇవన్నీ?"

ఆయన కుర్చీ చేతిని ఒకసారి నిమిరాడు.

"ముప్పై ఎనిమిదేళ్ల కిందట టీవీలో గొడుగాయన వేషం వేసింది నేనేనమ్మా. ఈ గది మళ్లీ వేస్తున్నారంటే ఉండబట్టలేక వచ్చాను. శవం తప్ప ఏ వేషమూ ఖాళీ లేదన్నారు. ముఖం కనపడదు కాబట్టి నువ్వెవరివని కూడా అడగలేదు."

పిన్నికి జాలీ కోపమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. "మీ గొడుగాయన చెవి మూలంగా నా ఉద్యోగం పోతోందండీ," అంది.

ఆయన ముఖం వాడిపోయింది. "నీ ఉద్యోగమా? నాకెవరూ చెప్పలేదే."

"శవానికి ఎవరు చెబుతారు?"

"అయితే పట్టు తల్లీ, తిప్పేద్దాం."

ఇద్దరూ చెరో వైపు పట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే తాళం తిరిగింది. ఆయన గబుక్కున కింద బోర్లా పడ్డాడు. లైట్లు వెలిగాయి. గుమ్మం నిండా జనం. పిన్ని రెండు చేతులూ కుర్చీ మీదే ఉన్నాయి.

"అయితే నువ్వేనా?" అన్నాడు డైరెక్టరు.

పిన్ని నేల వైపు ఒకసారి చూసింది. నిజం చెబితే ఆ పెద్దాయన్ని గెంటేస్తారు. చెప్పకపోతే తన ఉద్యోగం పోతుంది. ఆయనకి ఈ గది తప్ప ఇంకేం మిగిలిందిలే అనిపించింది.

"నేనే సార్," అంది.

"నీ సంచి తెచ్చుకో."

"ఎవరూ ఎక్కడికీ వెళ్లద్దు."

గొంతు నేల మీదినుంచి వచ్చింది. ఈసారి గుసగుస కాదు, గది మొత్తం ఖంగుమంది. కటుక్కు కటుక్కుమంటూ శవం లేచి నిలబడింది. లైట్‌మన్ ఒక్క పరుగున బయటపడ్డాడు. మిగతావాళ్లు గోడలకి అంటుకుపోయారు.

పెద్దాయన గొడుగు అందుకుని, వెన్నులో కత్తితోనే గది చుట్టూ ఒక్కో అడుగూ వేశాడు.

"కుర్చీ జరిపినవాడు ఈ గదిలోనే ఉన్నాడు. తాళంచెవి ఒక్కటే, కాబట్టి బయటినుంచి రాలేదు. ఈ అమ్మాయి మొదటి మూడు రోజులూ మీ పక్కనే కూర్చుని భోంచేసింది, కాబట్టి ఈమె కాదు. మరి లోపల మిగిలింది ఎవరు?"

ఒక్కొక్కరి ముఖంలోకీ చూశాడు. కొత్త హీరో ఎందుకైనా మంచిదని వెనక్కి తగ్గాడు.

"హతుడు," అన్నాడు. "నేను."

డైరెక్టరు రెండడుగులు ముందుకి వచ్చాడు.

"ఆ గొంతు..." అన్నాడు. "చిన్నప్పుడు మా అమ్మ వీపు వెనక దాక్కుని వినేవాణ్ణి. మీరా సార్?"

తనే వెళ్లి కుర్చీని తలుపు వైపు పూర్తిగా తిప్పాడు. "కూర్చోండి సార్."

"కూర్చుంటాగానీ ఆనుకోలేనయ్యా, కత్తి ఉంది."

అప్పుడు పగలబడి నవ్వారు అందరూ. పిన్ని అయితే నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలీలేదట. డైరెక్టరు కళ్లు తుడుచుకుని ఆమె వైపు తిరిగాడు.

"ఏంటమ్మా అలా నిలబడ్డావు? ఫోటో తీసుకో. ఇకమీదట కుర్చీ ఇలాగే. నాలుగు రోజులదీ మొదట్నుంచీ మళ్లీ తీద్దాం."

"అయితే," అన్నాడు పెద్దాయన సంతోషం పట్టలేక, "నన్ను మళ్లీ చంపుతారన్నమాట."