పాత ధూళి

పదకొండో పట్టీ. పైడమ్మ దాన్ని అంకె చదివే యంత్రం కింద పెట్టింది. తెర మీద ముప్పై ఎనిమిది పడింది. "రేపూ పోర్టు రోడ్డే," అని తిరిగి ఇచ్చేసింది. ఊడ్చే మనిషి పట్టీని ఛాతీకి అతికించుకుని వెళ్ళిపోయాడు.

పీల్చిన దుమ్ము నెత్తుట్లో ఎంత కలిసింది, దానికి గుండె ఎంత మొరాయిస్తోంది, అంతా కలిపి పట్టీ ఒక్క అంకెలో చెబుతుంది. డెబ్బై దాటినవాళ్ళని, ఆ అంకె చూసి పనులు పంచే కంప్యూటరు గాలిమేస్త్రీ రోడ్డెక్కనివ్వదు. కొండ మీద తేటవార్డులో, వడకట్టిన గాలిలో పని ఇస్తుంది. అక్కడున్నవి నాలుగే చోట్లు. పైడమ్మది డెబ్బై ఒకటి. చోటు ఖాళీ అయ్యేదాకా అని ఈ కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఎనిమిది నెలలైంది. కిటికీ అవతలే బొగ్గు లారీలు.

ఆ నాలుగు చోట్లలో ఒకటి ఆమె తోటికోడలు కొండమ్మది. మూడేళ్ళుగా ఆవిడదే! నెలకోసారి దిగివచ్చే ఆ తేరిన మొహం చూస్తే పైడమ్మకి ఒళ్ళు మండిపోయేది. ఒకే ఇంటి కోడళ్ళు, ఒకే రోడ్డు ఊడ్చినవాళ్ళు. ఆవిడకి తేటగాలీ తనకి బొగ్గుమసీనా? దగ్గుతెర వచ్చినప్పుడల్లా ఆవిణ్ణే తిట్టుకునేది.

పన్నెండో పట్టీ కొండమ్మదే. నలభై ఒకటి. దాని కింద గాలిమేస్త్రీ ఆజ్ఞ: 'కోలుకున్నారు. రేపటి నుంచి పోర్టు రోడ్డు. ఖాళీ పైడమ్మకు. ఖరారు చేయండి.'

పైడమ్మకి కడుపు చల్లబడింది.

"ఏటొచ్చింది చెల్లీ?" కొండమ్మ కిటికీ చువ్వ పట్టుకుని అడిగింది. ఎక్కింది మూడు మెట్లే. మాటకో ఊపిరి తీస్తూ ఎడమ చెయ్యి రుద్దుకుంటోంది.

"నలభై ఒకటి. బాగున్నావంట అక్కా."

"అలాగా. మరి ఈ ఆయాసం ఏటో."

ఏటో పైడమ్మకి తెలుసు. పట్టీలొచ్చి నాలుగేళ్ళే. అంతకుముందు ఇద్దరూ పంతొమ్మిదేళ్ళు ఊడ్చారు. ఆ దుమ్ము పట్టీకి అందదు, ఏళ్ళు చెబితేనే అంకెలో కలుపుకుంటుంది. పట్టీలిచ్చిన రోజు 'పాత ధూళి' గడిలో ఎన్నేళ్ళో చెప్పమంటే, ఎక్కువ చెబితే పనిలోంచి తీసేస్తారని అందరూ సున్నా వేయించుకున్నారు. అలా చెప్పమని వరస పొడుగునా చెవిలో ఊదింది పైడమ్మే.

వేలు ఖరారు మీదికి పోయింది. మూడేళ్ళు అనుభవించింది, చాలదా ఆవిడకి? ఇక నేను పోతాను. కొండమ్మ మళ్ళీ చెయ్యి రుద్దుకుంది.

పైడమ్మ పళ్ళు నూరుకుంటూ పాత ధూళి గడి తెరిచింది. పంతొమ్మిది కొట్టింది. అంకె ఎనభై మూడుకి లేచింది. చోటు కొండమ్మకే ఉండిపోయింది.

"పైకి పో అక్కా. పెద్ద డాక్టరుకి చూపించుకో. నా కళ్ళ ముందు మాత్రం నిలబడకు."

కుళ్ళు ఇంకా కుతకుతలాడుతూనే ఉంది. ఆవిడొక్కదానికే లెక్క సరిపెడితే ఎలా? తన గడిలోనూ పంతొమ్మిది కొట్టుకుంది. తర్వాతి మనిషి దగ్గర పట్టీ అందుకుంది.

"ఎన్నేళ్ళుగా ఊడుస్తున్నావు?"

"పట్టీలొచ్చాక నాలుగు."

"మొత్తం చెప్పు."

అతను వెనక్కి ఓసారి చూసి, "ఇరవై రెండు," అన్నాడు.

వెళ్ళిపోయిన పదకొండు మందినీ వెనక్కి పిలిపించింది. వరస అయ్యేసరికి డెబ్బై దాటనివాళ్ళు లేరు. రేపు పోర్టు రోడ్డుకి పంపడానికి గాలిమేస్త్రీ దగ్గర ఒక్క పేరూ మిగల్లేదు.