అడక్కుండా పెట్టిన కాపలా

అడక్కుండా సాయం చేసేవాళ్లంటే మమతకి మొదట్నించీ అనుమానమే. ఇంటి దగ్గర్నుంచే కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటూ, రాజోలు అవతల తమ రొయ్యల చెరువుకి తనే ఓ ప్రోగ్రాం రాసుకుంది. అయినా అది నడిచే ఫ్రేమ్‌వర్క్‌ని, అంటే ఎవరో ముందే కట్టిపెట్టిన చట్రాన్ని మాత్రం నమ్మలేదు. అన్నీ దానంతటదే అమర్చేస్తుందట. అదేదో తేల్చుకుందామని ఆ ముసురు సాయంత్రం దాని లోపలికి దిగింది.

తీరా చూస్తే మంత్రమూ లేదు, మాయా లేదు. అంతా షరతులే. ఏ పనికైనా మనం పెట్టినది ఉందా అని వెతుకుతుంది. ఉంటే తప్పుకుంటుంది. లేకపోతే తనది పెట్టుకుంటుంది. ఓస్, ఇంతేనా అనుకుంది.

తన ప్రోగ్రాంలో చెరువు కాపలా అన్నచోట తమ్ముడు దుర్గాప్రసాద్ పేరుంది. చెరువు ఇంటికి కూతవేటు దూరమే. నీళ్లలో గాలి తగ్గిందని ఫోను మోగితే వాడు నీళ్లు చిలికి గాలి ఎక్కించే ఏరియేటర్లు వెయ్యాలి. లేకపోతే పంటంతా చచ్చి తేలుతుంది. మమత ప్రోగ్రాం మళ్లీ మొదలెట్టింది. తెర మీద ఓ ముక్క వచ్చింది.

కాపలా ఎవరూ లేరు. నాది పెట్టాను.

ఇలాంటి మాట తను ఎక్కడా రాయలేదు. తమ్ముడి పేరు చెరిపి, మళ్లీ కొట్టింది. మళ్లీ అదే ముక్క. బయట గట్టంతా జారుడు, వాడికి చూస్తే ఈత రాదు. వెంటనే ఫోను చేసింది.

"ఒరేయ్, ఉన్నావా?"

"ఆయ్. ఉన్నానండీ."

గొంతు వాడిదే. కానీ తోడబుట్టినవాడు అక్కని అండీ అంటాడా? ఏరియేటర్ల చప్పుడు లేదు. నీళ్లు మాత్రం... చాలా దగ్గరగా... నోట్లోనే ఉన్నట్టు.

"ఎవరు నువ్వు?" గుసగుసగా అడిగింది.

"కాపలా అండీ. మీరెవర్నైనా పెడితే తప్పుకుంటాను."

మమతకి ఏడుపొచ్చేసింది. తమ్ముడు దక్కితే చాలు. కాపలా చోట తన పేరు కొట్టింది.

కాపలా మమత. నాది తీసేశాను.

ఫోన్లో ఏరియేటర్లు ఒక్కసారిగా మోగేయి. ఎవరో దగ్గుతున్నారు.

"అక్కా... ఒళ్లంతా బురదక్కా. నీళ్లలో పడిపోయేననుకుంటా. ఎవరో షెడ్డులోకి లాక్కొచ్చేరు. అమ్మకి చెప్పకక్కా."

"ఆ మనిషేడిరా?"

"ఇప్పుడే వెళ్లిపోయేడు. మనింటి వైపే."

మమత తెరకేసి చూసింది. తప్పుకున్నది ఎక్కడికి పోతుందో, తను చదివినదాంట్లో ఎక్కడా లేదు.

వాకిట్లో తడి కాళ్ల చప్పుడు. చెరువు అడుగు బురద వాసన.

వంటింట్లోంచి తల్లి పైడమ్మ అంది, "తమ్ముడొచ్చేడే. ఉండు, నేను తీస్తాను తలుపు."

వద్దమ్మా అనబోయింది. అప్పటికే గడియ తీసిన చప్పుడు...

"తడిసిపోయేవు కదా నాయనా. రా."

తర్వాత అమ్మ మాట వినపడలేదు. కాసేపటికి వంటింట్లో ఎవరో కంచాలు పెడుతున్న చప్పుడు మొదలైంది.

"అన్నానికి రండీ," అంది అమ్మ గొంతు.