లాకుల దగ్గర మూడో పిలుపు

పెడన నుంచి బంటుమిల్లి వెళ్లే దారిలో కాలవ మీద పాత లాకులున్నాయి. పగలు చూస్తే ఏమీ ఉండదు. రెండు గోడల మధ్య లోతైన నీళ్లు, తుప్పు పట్టిన ఇనుప తలుపులు, అంతే. చీకటి పడితే మాత్రం ఆ నీళ్లలోంచి ఎవరో పిలుస్తారని చెడ్డపేరు. ఒకసారి... రెండుసార్లు... మూడో పిలుపు ఉండదట.

అందుకే మా వైపు రాత్రిపూట మూడోసారి పిలిస్తేగాని ఎవరూ పలకరు. నేను దెయ్యాల్ని నమ్మను. కానీ ఈ సంగతి వినేదాకా నేనూ మొదటి పిలుపుకి పలికిన పాపాన పోలేదు.

నాకు చెప్పింది మీరా సాహెబ్. ఆ తలుపులు ఎత్తీ దించీ జుట్టు నెరిసిపోయిన లస్కరు. అబద్ధం చెప్పే ఓపిక కూడా లేని మనిషి.

తొంభై ఎనిమిది వేసవి. కాలవలు కట్టేయడానికి ఇంకో వారం ఉందనగా జరిగింది.

లాకుల పక్కింట్లో దయామణి ఉండేది. అంతకు రెండేళ్ల ముందు ఆమె భర్త ప్రకాశరావు, రాత్రి రైస్ మిల్లు నుంచి సైకిల్ మీద వస్తూ ఆ లాకుల్లోనే పడి చనిపోయాడు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ మీరా సాహెబ్‌ని మావయ్యా అనే పిలిచేవారు. దెయ్యం పట్టుకుపోయిందని ఊరు తేల్చేసింది. తేల్చేయడానికి ఊరికేం పోయింది?

తర్వాత బందరులో ఈత నేర్పేవాళ్లకి, నీళ్లలో పడినవాళ్లని కాపాడేవాళ్లకి ట్రైనింగ్ పెడితే దయామణి చేరింది. నెగ్గితే తుఫాను ఊళ్లలో పిల్లలకి ఈత నేర్పే పని. పరీక్షలో పదిహేను అడుగుల లోతు నుంచి ఇటుక పైకి తేవాలి. రెండుసార్లు తప్పింది. ఇంకొక్క అవకాశమే ఉంది. పగలు ఆడమనిషి కాలవలో దిగితే గట్టు మీద తిరునాళ్లే... అందుకని రాత్రిళ్లు లాకుల్లో ఇటుక పడేసి మునిగేది.

మొగుణ్ణి మింగిన చోట ఏమిటమ్మా ఈ మొండితనం అని మీరా సాహెబ్ అడిగాడు. అప్పుడు చెప్పిందట, ఎవరికీ చెప్పని మాట.

మొగుడు పోయిన రాత్రి ఆమెకి "దయా..." అని వినబడింది. రెండుసార్లు. లేవబోతే అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపింది, మూడోసారి పిలవనీ అని. ఇద్దరూ చీకట్లో కూర్చుని ఎదురుచూశారు. పిలవలేదు.

"మునిగేవాడు ఒకసారి అరవగలిగితే గొప్ప అని ట్రైనింగులో గోవర్ధనరావు మాస్టారు చెప్పారు మావయ్యా," అంది దయామణి. "మూడోసారి పిలిచే ఊపిరి మనిషికి ఉండదు. నేను దానికోసం కూర్చున్నాను..."

ఆ రోజే ఆమె ఒక ఖాళీ నూనె డబ్బాకి తాడు కట్టి మీరా సాహెబ్ గది గుమ్మానికి తగిలించింది. ఎవరైనా పడితే దూకొద్దు, ఇది విసరండి అని.

పరీక్ష రేపనగా, ముందు రాత్రి. మీరా సాహెబ్ మంచం మీద ఉన్నాడు. బయట ఆమె మునుగుతున్న చప్పుడు... తేలుతున్న చప్పుడు... మునిగింది.

మళ్లీ చప్పుడు లేదు.

"మావయ్యా..."

ఎవరి గొంతో పోల్చుకునేలోపే ఆగిపోయింది. మీరా సాహెబ్ లేచాడు. గడియ మీద చెయ్యి వేశాడు. తియ్యలేదు.

"మావయ్యా..."

రెండు. ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు. ఎందుకు నిలబడ్డానా అనుకుంటే... మూడోదాని కోసమని అప్పుడు తెలిసిందట. తలుపు తోసుకుని, డబ్బా లాక్కుని పరిగెత్తాడు.

టార్చి వేస్తే నీళ్ల మీద ఒక చెయ్యి. డబ్బా విసిరాడు. చెయ్యి పట్టుకుంది. లాకు తలుపు గొలుసుకి చిక్కుకున్న లంగా చిరిగేదాకా లాగాడు.

గట్టు మీద తాగిన నీళ్లన్నీ కక్కింది దయామణి. రెండో చేతిలో ఇటుక అలాగే ఉంది.

పిలిచి మంచిపని చేశావమ్మా అన్నాడు మీరా సాహెబ్.

ఆమె తల అడ్డంగా ఊపింది. "నేను పిలవలేదు మావయ్యా... నోటినిండా నీళ్లే."

అప్పుడు వినబడింది — లాకుల్లోంచి — మూడోసారి.

"దయా..."

మీరా సాహెబ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకుంది. దూకలేదు. నేర్చుకున్నట్టే గట్టు మీద బోర్లా పడుకుని, మాట వచ్చిన వైపు డబ్బా విసిరింది.

"వచ్చాను... పట్టుకో," అంది.

మర్నాడు ఆమె పరీక్ష నెగ్గింది. పిల్లలకి ఈత నేర్పిన ఏళ్లన్నీ మొదటి పాఠం ఒకటేనట: మొదటి పిలుపుకే పరిగెత్తండి.

మరి ఆ రాత్రి తాడు సంగతేమిటని అడిగాను. మీరా సాహెబ్ టీ గ్లాసు కింద పెట్టి అరచెయ్యి చూపించాడు. అడ్డంగా, తాడు ఒరుసుకున్న పాత మచ్చ.

"బిగిసింది బాబూ. ఇద్దరం పట్టుకున్నా ఆగలేదు. ఆ పిల్ల గట్టు అంచుదాకా జారిపోయింది, అయినా వదల్లేదు..." గుప్పిట మూశాడు. "అది చూసి, తనే వదిలేశాడు."